అల్మారాలో ఉండిపోతున్న డి విటమిన్

సంపాదకులకు నమస్కారం.

గర్భిణి డి విటమిన్ సరిగా తీసుకుంటే పుట్టబోయే బిడ్డకు ఉబ్బసం రాదనీ, పెద్దయ్యాక షుగరు దరిచేరదనీ, ఎముకలు జీవితాంతం గట్టిగా ఉంటాయనీ ఆరోగ్య పేజీల్లో ఈమధ్య తరచుగా చదువుతున్నాను. ఉన్నత పాఠశాలలో ఏళ్ల తరబడి జీవశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని కనుక, అచ్చులో కనబడిన మాటను ఆరా తీయకుండా వదలలేని అలవాటు నాది. ఆ మాటల్లో నిజం పాలెంతో, తొందరపాటు పాలెంతో చెప్పాలని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. కానీ మా ఇంట్లోనే జరిగిన ఒక సంగతి చూశాక అంతకంటే ముందు చెప్పవలసింది మరొకటి ఉందనిపించింది.

విజయవాడలో కాపురముంటున్న మా అమ్మాయిని ఏడో నెలలో పురిటికి గుంటూరు తీసుకొచ్చాం. తన మందుల సంచీ సర్దుతుంటే అడుగున రబ్బరు బ్యాండు వేసిన కాల్షియం మాత్రల స్ట్రిప్పులు బయటపడ్డాయి. ఒక్కటీ చింపలేదు. అడిగితే, "అవి ఆశా ఆవిడ ఇచ్చిన గవర్నమెంటు బిళ్ళలేనమ్మా, నేను డాక్టరుగారు రాసినవి వేసుకుంటున్నా కదా" అంది. డాక్టరుగారు రాసినది ఏమిటని చూస్తే 60,000 యూనిట్ల డి విటమిన్ పొడి ప్యాకెట్. చీటీలో వారానికొకటి అనే ఉంది. మందుల షాపులో ఇచ్చేటప్పుడు కవరు మీద రోజుకొకటి వాడమన్నట్టుగా గీత పెట్టారట, మా అమ్మాయి నాలుగు రోజుల్లో నాలుగు పాలలో కలుపుకుని తాగేసింది. అదృష్టవశాత్తు ఏ ఇబ్బందీ రాలేదు, ఆ నెలకు ఇంక వద్దని డాక్టరుగారు ఆపించారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కళ్లద్దాలు పెట్టుకుని ఆ ఉచిత స్ట్రిప్పు వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివాను. ఒక్కో మాత్రలో 500 మిల్లీగ్రాముల కాల్షియం, 250 యూనిట్ల డి3. కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇవి పద్నాలుగో వారం నుంచి రోజుకు రెండు, కాన్పయ్యాక ఆరు నెలల దాకా వేసుకోవాలి. అంటే రోజుకు 500 యూనిట్ల డి విటమిన్ ఏ ఖర్చూ లేకుండా ఇంటికి వస్తున్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన పట్టికలో గర్భిణికి రోజుకు కావలసినది 600 యూనిట్లు. మిగిలిన ఆ వంద తిండీ ఎండా చూసుకోగలవు. అంత దగ్గరి మందును పక్కన పెట్టి దూరపు మందుకు పరిగెత్తుతున్నాం. ఉచితంగా వచ్చినదానికి విలువ కట్టకపోవడం మనకు కొత్త కాదనుకోండి.

ఇక బిడ్డల దీర్ఘకాల ఆరోగ్యం సంగతి. కడుపులోని శిశువుకు డి విటమిన్ తల్లి రక్తం నుంచే మావి ద్వారా అందుతుంది, తల్లిలో తక్కువైతే బిడ్డలోనూ తక్కువే. లోటు తీవ్రంగా ఉన్న తల్లులకు పుట్టిన పసికందులకు కాల్షియం పడిపోయి ఫిట్స్ రావడం, మాడు ఆలస్యంగా పూడటం, నడక వచ్చాక దొడ్డికాళ్లు పడటం వైద్యులు ఏనాటి నుంచో చూస్తున్నవే. ఇంతవరకు తిరుగులేదు. దీనికి అవతల చెప్పేవాటి దగ్గరే జాగ్రత్తపడాలి.

ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో, గర్భంలో డి విటమిన్ తక్కువగా ఉన్న తల్లుల పిల్లలకు తొమ్మిదేళ్ల వయసులో ఎముకల్లో ఖనిజం తక్కువగా ఉన్నట్టు 2006లో తేలింది. అదే దేశంలో బ్రిస్టల్ ప్రాంతంలో సుమారు నాలుగు వేల మంది తల్లీబిడ్డలను పరిశీలించి 2013లో ప్రకటించిన ఫలితాల్లో అలాంటి సంబంధమే కనబడలేదు. ఈలోగా అదే దేశంలో కొందరు గర్భిణులకు రోజుకు 1000 యూనిట్లు, మరికొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. 2016లో వచ్చిన ఫలితం ప్రకారం పుట్టిన బిడ్డల ఎముకల్లో మొత్తం మీద తేడా లేదు, చలికాలంలో పుట్టిన బిడ్డల్లో మాత్రం మాత్ర మేలు చేసినట్టు కనబడింది. ఆ పిల్లలనే ఆరేడేళ్ల వయసులో స్కాన్ చేస్తే మాత్ర వేసుకున్న తల్లుల బిడ్డల ఎముకలు కాస్త చిక్కగా ఉన్నాయి. కాబట్టి ఎముకల విషయంలో ఆశ పెట్టుకోవడానికి ఆధారముంది, అయితే అది చలికాలంలో ఎండ మొహమే చూడని దేశంలో దొరికిన ఆధారమని గుర్తుంచుకోవాలి.

ఉబ్బసం మాట వేరు. అమెరికాలో గర్భిణులకు రోజుకు 4400 యూనిట్లు ఇచ్చి, 400 మాత్రమే అందినవారితో పోల్చి చూస్తే, మూడేళ్ల వయసులో పిల్లలకు పిల్లికూతలు కొంత తగ్గినట్టు అనిపించినా ఆ తేడా గట్టిగా నిలబడేది కాదని 2016లో చెప్పారు. ఆరేళ్లు నిండాక చూస్తే అదీ లేదని 2020లో తేలింది. మనకు దగ్గరగా, మనలాంటి ఎండా మనలాంటి లోటూ ఉన్న ఢాకాలో 1300 మంది గర్భిణుల మీద జరిగిన పరీక్షలోనూ, మాత్ర వల్ల ఏడాది నిండిన బిడ్డ పొడవు పెరగలేదని 2018లో ప్రకటించారు. షుగరు గురించి చెప్పేవారు ఎత్తి చూపగలిగేది మైసూరు పరిశీలన. డి విటమిన్ తక్కువైన తల్లుల పిల్లల్లో తొమ్మిదిన్నరేళ్లకు ఇన్సులిన్ పని కాస్త మందగించినట్టు అందులో 2011లో చూపించారు. రెండూ కలిసి కనబడ్డాయన్నది నిజమే, ఒకటి రెండోదానికి కారణమని మాత్రం దాన్నిబట్టి చెప్పలేం. ఇంటి తిండి, తల్లి ఒంటి బరువు, ఆమె ఇంట్లోనే ఉంటుందా బయటకు వెళుతుందా అన్నవన్నీ ఆ లెక్కలో కలిసే ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా గర్భిణులందరికీ డి విటమిన్ ఇవ్వాలని 2020 సిఫారసుల్లో చెప్పలేదు. లోటు ఉందని అనుమానమున్నవారికి రోజుకు 200 యూనిట్లు ఇవ్వవచ్చని మాత్రమే అన్నది. ఆ 200 పక్కన మన 60,000 పెట్టి చూడండి. లోటు బాగా ఉన్నప్పుడు డాక్టరు లెక్క చూసి వారానికొకటి రాయడంలో తప్పు లేదు. డాక్టరు మాట లేకుండా పక్కింటావిడ వాడుతోందని కొనుక్కోవడమే తప్పు. బి, సి విటమిన్లలాగా ఎక్కువైనది మూత్రంలో పోదు, కొవ్వులో నిలవ ఉంటుంది, రక్తంలో కాల్షియాన్ని పెంచి వాంతులు, మలబద్ధకం, చివరకు కిడ్నీల దాకా తెస్తుంది.

ఎండ గురించి మీ పత్రికతో సహా అందరూ రాసేది "ఉదయపు లేత ఎండ" అని. దీన్ని దయచేసి సవరించండి. చర్మంలో డి విటమిన్ తయారుకావడానికి కావలసిన కిరణాలు పొద్దున ఏడు గంటల ఎండలో చాలా తక్కువ. తిరుపతి వైద్యులు కొలిచి చూస్తే పదకొండు నుంచి రెండు గంటల మధ్యనే అది బాగా తయారవుతున్నట్టు తేలింది. మన నీడ మనకంటే పొట్టిగా పడేవేళ అన్నది సులువైన గుర్తు. మే నెలలో బెజవాడ మధ్యాహ్నం గర్భిణి బయట నిలబడమని ఎవరూ అనరు, అది వేరే ప్రమాదం. కార్తీకం నుంచి మాఘం దాకా మాత్రం పదకొండింటికి డాబా మీద చేతులకూ కాళ్లకూ ఎండ తగిలేలా పదిహేను, ఇరవై నిమిషాలు కూర్చోవడం ఎవరికీ కష్టం కాదు. అద్దం లోంచి పడే ఎండతో ఈ పని జరగదు కనుక, బాల్కనీకి అద్దాలు బిగించుకున్న అపార్ట్‌మెంట్లలో ఎంతసేపు కూర్చున్నా ప్రయోజనం లేదు. ఎండలో పని చేసేవారికి ఈ లోటు ఉండదనుకోవడం కూడా పొరపాటే. మా గుంటూరు మిర్చి యార్డులో కాయలు ఏరే ఆడవాళ్లను చూడండి, ఘాటుకు తట్టుకోలేక తలా మొహమూ చుట్టేసుకుని, పొడుగు చేతుల చొక్కా వేసుకుని రోజంతా ఉంటారు. ఎండ తగిలేది కళ్ల చుట్టూ మాత్రమే.

తిండిలో దొరికేది కొంచెమే. ఒక గుడ్డు సొనలో ఉండేది సుమారు 40 యూనిట్లు. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డూ పాలూ తినవలసిందే, అయితే దీనికి అవే చాలవు. పాల ప్యాకెట్ మీదా నూనె ప్యాకెట్ మీదా నీలం రంగులో ప్లస్, ఎఫ్ గుర్తు ఉన్నవి కొనుక్కోవడం మంచిది, వాటిలో ఎ, డి విటమిన్లు కలిపి ఉంటాయి.

పసిబిడ్డ మాటా చెప్పాలి. తల్లిపాలలో అన్నీ ఉన్నా డి విటమిన్ మాత్రం చాలా తక్కువ కాబట్టి, మొదటి ఏడాదంతా బిడ్డకు రోజుకు 400 యూనిట్ల చుక్కల మందు వేయాలని పిల్లల వైద్యుల సంఘం చెబుతున్నది. బజారులో మిల్లీలీటరుకు 400 ఉన్న సీసాలూ ఉన్నాయి, 800 ఉన్నవీ ఉన్నాయి. పాత సీసా అయిపోయి కొత్తది తెచ్చినప్పుడు అంకె చూడకుండా అదే గీత దాకా డ్రాపర్ నింపితే బిడ్డకు రెట్టింపు పడుతుంది.

నా విన్నపం రెండే మాటలు. మీ ఆరోగ్య పేజీలో డి విటమిన్ గురించి రాసినప్పుడల్లా, ప్రతి నెలా తొమ్మిదో తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు జరిగే పరీక్షల గురించీ, అక్కడ ఇచ్చే కాల్షియం మాత్రలో ఏముందో, దాన్ని ఎప్పుడు వేసుకోవాలో కూడా రాయండి. ఆరోగ్య శాఖవారు ఆ స్ట్రిప్పు వెనక ఉన్నదాన్ని తెలుగులో, కంటికి ఆనే అక్షరాల్లో అచ్చు వేయించాలి. అన్నం తిన్నాక వేసుకోవాలనీ, ఐరన్ మాత్రతో కలిపి మింగకుండా కనీసం రెండు గంటలు ఆగాలనీ అక్కడే ఉంటే, కడుపులో మంట అని మానేసేవారు కొందరైనా తగ్గుతారు. మా అమ్మాయి ఇప్పుడు పొద్దున టిఫిను తర్వాత ఒకటి, మధ్యాహ్నం భోజనం తర్వాత ఒకటి కాల్షియం, రాత్రి పడుకోబోయే ముందు ఐరన్ వేసుకుంటున్నది. ఖాళీ అయిన స్ట్రిప్పులు నాకు చూపించాకే పారేయాలన్నది మా ఇంట్లో కొత్త నిబంధన.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జీవశాస్త్ర ఉపాధ్యాయిని,
బ్రాడీపేట, గుంటూరు