మిరపకు నీటి లెక్క కావాలి

సంపాదకులకు,

గుంటూరు, పల్నాడు, ఖమ్మం జిల్లాల్లో మిరప తోటకు తడి ఎప్పుడు పెట్టాలన్నది చాలాచోట్ల కాలువ వంతును బట్టో, బోరుకు కరెంటు వచ్చే వేళను బట్టో జరుగుతోంది తప్ప పైరు అవసరాన్ని బట్టి కాదు. మిరప వేళ్లు ఎక్కువగా నేల పైపొరల్లోనే ఉంటాయి కనుక, మొక్కకు అందే తేమలో నాలుగో వంతు నుంచి మూడో వంతు తరిగేసరికే తడి అందాలి. పూత, పిందె దశలో బెట్టకు గురైతే పూత రాలుతుంది. అలాగని నల్లరేగడిలో సాళ్ల నిండా పారిస్తే వేళ్లకు గాలి ఆడక మొక్కలు వడలిపోతాయి. బెట్టకు గురైన తోటా, నీరెక్కువైన తోటా గట్టు మీద నుంచి ఒకేలా వాడినట్టు కనిపిస్తాయి కాబట్టి, నీరెక్కువైన చేనుకు మళ్లీ తడే పెట్టడం మా వైపు మామూలే.

డ్రిప్ పరికరాలకు రాయితీ ఇస్తున్న ప్రభుత్వాలు దాన్ని రోజూ ఎంతసేపు నడపాలో చెప్పడంపై అంత శ్రద్ధ పెట్టడం లేదు. ఎకరంపై 1 మిల్లీమీటరు నీరంటే సుమారు 4,000 లీటర్లు. పూత దశలో పైరు రోజుకు 3.5 మిల్లీమీటర్లు వాడుకుంటుందనుకుంటే 14,000 లీటర్లు కావాలి. లేటరళ్ల (సాళ్ల వెంట పరిచే డ్రిప్ గొట్టాల) మధ్య 1.2 మీటర్లు, డ్రిప్పర్ల మధ్య 40 సెంటీమీటర్ల ఎడం ఉండి, ఒక్కో డ్రిప్పరు గంటకు 2 లీటర్లు ఇచ్చే తోటలో 50 నిమిషాలు చాలు. కరెంటు ఉన్నంతసేపూ వాల్వు తెరిచి వదిలేస్తే నీటితోపాటు ఎరువూ వేళ్లను దాటి దిగిపోతుంది. ఎకరానికి ఎన్ని క్వింటాళ్లని అడిగే మనం, ఘనపు మీటరు నీటికి ఎన్ని కిలోలని అడగం.

పైరు రోజుకు ఎంత నీరు వాడుకుంటుందో లెక్కగట్టడానికి, రోజుకు ఎన్ని మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతోందో వాతావరణ కేంద్రాలు కొలిచే అంకెను ఉష్ణోగ్రత, వర్షపాతాలతోపాటు మీ జిల్లా పేజీల్లో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

– ఒక మిరప రైతు, పల్నాడు జిల్లా