302 బాబాయి గారికీ, ఆ ఎలక్ట్రీషియన్ కుర్రాడికీ

మా అపార్ట్‌మెంట్ మెట్ల దారిలో, కరెంటు పోతే బ్యాటరీతో వెలిగి బయటికి దారి చూపే ఎగ్జిట్ లైట్లు 10. రెండేళ్లలో రెండుసార్లు మార్పించాం. రెండుసార్లూ నాలుగైదు నెలలకే బ్యాటరీలు పోయాయి. "ఇప్పుడొచ్చే మాలే అంత మేడమ్" అంటూ కాంట్రాక్టరు బిల్లు చేతిలో పెట్టి వెళ్లాడు. మొన్న వానకు రాత్రిపూట కరెంటు పోయి, జనరేటర్ అందుకునేలోపు రెండో అంతస్తు పెద్దమ్మ గారు మెట్టు తప్పారు. రెయిలింగ్ దొరకబట్టి సరిపోయింది.

మూడోసారి కొనబోతుంటే 302 బాబాయి గారు ఆపారు. "ముందు పొద్దున్నే ఓసారి చూద్దాం పదమ్మా" అన్నారు. ఆరింటికి టైమర్ మెట్ల లైట్లు ఆర్పేసింది. ఎగ్జిట్ లైట్ల మీది ఛార్జింగ్ చుక్కలు కూడా వాటితోపాటే ఆరాయి. అదీ సంగతి! రెంటికీ ఒకటే వైరు. టైమర్ ఆపగానే కరెంటు పోయిందనుకుని అవి బ్యాటరీ మీద వెలుగుతున్నాయి, కాసేపటికి మొత్తం ఖాళీ అయి సాయంత్రం దాకా అలాగే పడుంటున్నాయి. రోజూ ఇదే వరసైతే ఏ బ్యాటరీ బతుకుతుంది?

వేరే ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) నుంచి లైను లాగేద్దామన్నాను. బాబాయి గారు ఒప్పుకోలేదు. మెట్ల లైట్ల ఎంసీబీ పడిపోయి చీకటైతే ఎగ్జిట్ లైటుకు ఆ సంగతి తెలియాలి కదా అన్నారు. అందుకని అదే ఎంసీబీ నుంచి, టైమర్‌కు ముందే ఫేజు (కరెంటు వచ్చే తీగ) తీసుకుని కొత్త వైరు పైదాకా లాగించారు. మూడో అంతస్తు దగ్గర పైపులో సిమెంటు గడ్డకట్టి వైరు కదల్లేదు. కుర్రాడు గంటసేపు దానితో కుస్తీ పట్టాడు. టీ చల్లారిపోయినా నిచ్చెన దిగలేదు. ఆ అంతస్తులో బాణం గుర్తు మెట్ల వైపు కాకుండా లిఫ్ట్ వైపు చూపిస్తోందని కనిపెట్టిందీ అతనే. ఇన్నేళ్లూ రోజూ దాని కిందనుంచే నడిచాం, ఒక్కరం చూస్తే ఒట్టు.

ఒక రోజంతా ఛార్జింగ్ అయ్యాక, ఆదివారం రాత్రి ఎంసీబీ దించి మెట్ల మీదే కూర్చున్నాం. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం కనీసం గంటన్నర వెలగాలట. 9 నిలబడ్డాయి. నాలుగో అంతస్తుది 40 నిమిషాలకే ఆరిపోయింది. షాపువాళ్లు మర్నాడే వేరేది ఇచ్చారు.

బాబాయి గారూ, మీరు రూపాయి ముట్టలేదు, మోకాళ్ల నొప్పితోనే ఐదంతస్తులూ ఎక్కి దిగారు. మీకు అందరి తరఫునా నమస్కారాలు. తమ్ముడూ, నీకూ చాలా థాంక్స్. మీ ఇళ్లలో వైరింగ్ పనులుంటే అడగండి, అతని నంబరు ఇస్తాను.

ఇక ప్రతి నెలా మొదటి ఆదివారం రాత్రి 8కి టెస్టింగ్ పని నాకు అప్పగించారు. ఐదు నిమిషాలు మెట్ల లైట్లు ఉండవు. దయచేసి కరెంటు పోయిందని నాకు ఫోన్లు చేయకండి.