మందపాటి యాక్రిలిక్ తొట్టికి ఏ అయస్కాంతం?

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో చేపల తొట్టి శుభ్రం చేసుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. నీళ్లు ఒకేసారి మొత్తం మార్చవద్దనీ, ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కాకుండా తొట్టిలోంచి తీసిన నీటితోనే కడగాలనీ అందులో చెప్పినవి తప్పక పాటించదగినవి. అయితే గోడకు లోపల ఒకటి, బయట ఒకటి అయస్కాంతపు ముక్కలు పెట్టి, బయటిదాన్ని జరిపితే లోపలిది వెంట కదిలి గోడల మీద పాచి తీసే మాగ్నెట్ బ్రష్ గురించి చెబుతూ, అయస్కాంతం ఎంత బలమైనదైతే అంత మంచిదని రాసిన మాట గాజు తొట్లకు కొంతవరకు చెల్లవచ్చు గాని, యాక్రిలిక్ (గాజులా కనబడే గట్టి ప్లాస్టిక్) తొట్టి ఉన్నవాళ్లు దాన్ని నమ్మి కొంటే నష్టపోతారు. నేను నష్టపోయాను కాబట్టే ఈ ఉత్తరం.

విజయవాడలో దుకాణాలకు యాక్రిలిక్ బోర్డులు తయారుచేయడం నా వృత్తి. మూడో అంతస్తులోని మా ఫ్లాటులో ఐదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు ఉన్న తొట్టిని 20 మిల్లీమీటర్ల షీటుతో నేనే అతికించుకున్నాను. గాజు వద్దనుకోవడానికి కారణం మెట్లు. ఆ కొలతకు ముందు పలక ఒక్కటే గాజుదైతే 58 కిలోల దాకా తూగుతుంది, యాక్రిలిక్‌దైతే 28 కిలోలు దాటదు. (నిండాక లోపలి నీళ్లే 700 కిలోలు ఉంటాయనీ, ఆ లెక్క మెట్లకు కాదు శ్లాబుకు చెప్పాలనీ మా ఆవిడ అన్నది. ఇంజినీరును అడిగాకే నీళ్లు పోశాం.)

యాక్రిలిక్ తేలిక, తొందరగా పగలదు, కాంతిని గాజు కంటే స్వచ్ఛంగా వదులుతుంది. దాని లోపమంతా మెత్తదనంలోనే ఉంది. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానం మీద గాజు 5.5 దగ్గర ఉంటే యాక్రిలిక్ 3 దగ్గరే ఆగిపోతుంది. తొట్టి అడుగున మనం పరిచే ఇసుకలోని క్వార్ట్జ్ 7. గాజునే గీయగల ఆ రేణువు యాక్రిలిక్‌ను దున్నేస్తుంది. మా బోర్డుల పనిలో కొత్తగా చేరిన కుర్రవాడికి మొదట నేర్పేది కూడా ఇదే: షీటు మీద దుమ్మును పొడిగుడ్డతో తుడవకూడదు, నీళ్లు పోసి జార్చాలి. ఇంత తెలిసినవాడిని నా తొట్టి దగ్గరికి వచ్చేసరికి ఆ పాఠమే మరిచిపోయాను.

మొదట నా దగ్గర పాత గాజు తొట్టికి వాడిన చిన్న ఫెర్రైట్ అయస్కాంతాల జత ఉండేది. అది 6 మిల్లీమీటర్ల గాజు మీద చక్కగా నడిచేది. కొత్త తొట్టి గోడకు పెట్టి చేయి వదలగానే లోపలి ముక్క జారి ఇసుకలో బోర్లా పడింది. దూరం పెరిగేకొద్దీ అయస్కాంతాల ఆకర్షణ అంతకంటే చాలా వేగంగా పడిపోతుంది కాబట్టి, గోడ మందం రెట్టింపైతే పట్టు సగానికి కాదు, సగం కంటే చాలా తక్కువకు దిగుతుంది. పైగా లెక్కలోకి వచ్చేది గోడ మందం ఒక్కటే కాదు; అటూ ఇటూ ఉన్న ప్యాడ్లు, అయస్కాంతం మీది ప్లాస్టిక్ తొడుగులు కూడా ఆ దూరానికి కలుస్తాయి.

దాంతో ఫెర్రైట్ కంటే చాలా బలమైన నియోడైమియం రకం అయస్కాంతాలున్న బ్రష్ ఒకటి కొన్నాను. పెట్టె మీద 'సూపర్ స్ట్రాంగ్' అన్న మాట పెద్దక్షరాల్లో ఉంది గాని, ఎన్ని మిల్లీమీటర్ల గోడకో, గాజుకో యాక్రిలిక్‌కో ఎక్కడా లేదు. అడిగితే దుకాణదారు "అన్నిటికీ పనిచేస్తుందండీ" అన్నాడు. నిజంగానే పనిచేసింది. మొదటి రోజు ఒక్క చేతివాటున పాచి మొత్తం ఊడ్చిపెట్టినట్టు పోయింది. మూడో వారం అదే ఉత్సాహంతో గోడ కింది దాకా లాగాను. అంచు ఇసుకను రాసుకుంది. కర్రుమన్న అదురు వేళ్లకు తెలిసి చేయి ఆపేలోగా బ్రష్ జానెడు దూరం నడిచింది. పగటి వెలుగులో ఏమీ కనబడలేదు. సాయంత్రం ట్యూబులైటు వేశాక, వంపు తిరిగిన తెల్లటి గీతల కట్ట ఒకటి, అరిగిన రికార్డు ప్లేటు మీది చారల్లా, గోడ మీద తేలింది. బ్రష్ తీసి చూస్తే ప్యాడ్ నూలుపోగుల మధ్య ఆవగింజలో సగం ఉన్న రేణువు ఒక్కటే ఇరుక్కుని ఉంది. అయస్కాంతం అంత బలంగా అదమకపోతే ఆ రేణువు దొర్లిపోయేదో, పైపైన గీకి వదిలేదో.

మందపాటి యాక్రిలిక్‌తో వచ్చే చిక్కు ఇదే. బలహీనమైనది తీసుకుంటే పడిపోయి ఇసుకను మూటగట్టుకుని లేస్తుంది, మరీ బలమైనది తీసుకుంటే ఆ ఇసుకను గోడలోకి నొక్కుతుంది. అందుకని తయారీదారు చెప్పిన మందాల శ్రేణిలో మన గోడ మధ్యన పడేలా ఎంచుకోవాలి. నా 20 మిల్లీమీటర్ల గోడకు 15 నుంచి 25 దాకా అని రాసినది సరిపోతుంది. 12 దాకా అన్నది నిలవదు, 40కి ఉద్దేశించినది కదలాలంటే రెండు చేతులూ కావాలి. (జపాన్‌లోని ఒకినావా చురౌమి అక్వేరియంలో పెద్ద కిటికీ మందం 60 సెంటీమీటర్లు. అంత మందానికి మన దుకాణాల్లో దొరికే అయస్కాంతమేదీ పనికిరాదు. అటువంటి చోట డైవర్లు దిగి చేతులతోనే తుడుస్తారు.)

పెట్టె మీద ఏమీ రాయకపోతే కొనేముందు పరీక్షించుకునే దారి ఉంది. అయస్కాంత బలానికి యాక్రిలిక్, చెక్క, కాగితం ఒకటే. ఏదీ దాన్ని ఆపదు. మీ గోడంత మందమున్న చెక్కముక్కనో, పిన్నులు లేని పుస్తకాన్నో దుకాణానికి తీసుకువెళ్లి, నిలువుగా పట్టుకుని, రెండు ముక్కలూ అటొకటి ఇటొకటి పెట్టి నడిపించండి. రెండు వేళ్లతో తోస్తే బయటి ముక్క కదలాలి, మలుపు దగ్గర లోపలి ముక్క వెనకబడకుండా వెంట రావాలి. నేనిప్పుడు వాడుతున్నదాన్ని మా పనిలో మిగిలిన 20 మిల్లీమీటర్ల షీటు ముక్క పట్టుకెళ్లి ఇలాగే చూసి తెచ్చుకున్నాను. వేళ్లు మాత్రం జాగ్రత్త. నియోడైమియం ముక్కలు రెండూ నేరుగా కలిస్తే మధ్యలో చిక్కిన చర్మం కమిలిపోతుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు వాటి దగ్గరికి పోకూడదు.

లోపలి ముక్క జారితే మునిగేది కాకుండా నీటి మీద తేలేది కావడం నా దృష్టిలో బలం కంటే ముఖ్యం. తేలేది ఇసుకలో పడదు, పైగా రెండున్నర అడుగుల లోతుకు మోచేయి ముంచే పని ఉండదు. చాలా యాక్రిలిక్ తొట్లకు, గోడలు ఉబ్బకుండా, పైన కూడా పలక అతికించి చేయి పట్టేంత రంధ్రాలే వదులుతారు కాబట్టి, లోపలి ముక్క ఆ రంధ్రంలోంచి దూరుతుందో లేదో కొలుచుకోవడం మరవకూడదు.

ప్యాడ్ విషయంలో రాజీ పడకూడదు. గాజుకు వాడే గరుకు ప్యాడ్ గాని, స్టీలు బ్లేడు గాని యాక్రిలిక్‌కు తాకించకూడదు. మెత్తటి ఫెల్టు లాంటి ప్యాడ్ కావాలి. గట్టిపడిన పచ్చచుక్కల పాచికి యాక్రిలిక్ కోసమని చేసిన ప్లాస్టిక్ బ్లేడు వాడుకోవచ్చు. నీటి బరువుకు యాక్రిలిక్ గోడ మధ్యలో కొద్దిగా ఉబ్బుతుంది కనుక చదునైన బ్లేడు అక్కడ అంచులతో మాత్రమే తగులుతుంది, మెత్తటి ప్యాడ్ ఆ వంపుకు ఒదుగుతుంది. ప్రతిసారీ వాడే ముందు ప్యాడ్‌ను సబ్బు లేకుండా కడిగి వేలితో తడిమి చూస్తున్నాను. ఇసుకకు రెండంగుళాల పైన ఆపేసి, మిగిలిన పట్టీని మెత్తటి తడిగుడ్డతో చేత్తోనే తుడుస్తున్నాను. రాత్రిళ్లు బ్రష్‌ను తొట్టిలోనే వదిలేస్తే ప్యాడ్ సందుల్లోకి నత్తలు చేరతాయి, అందుకని పని కాగానే బయటికి తీస్తాను. పైతొడుగు చిట్లితే అదే రోజు మానేయాలి. నియోడైమియం అయస్కాంతంలో ఇనుము ఎక్కువ కాబట్టి నీరు తగిలితే తుప్పుపడుతుంది, ఉప్పునీటి తొట్టిలో ఇంకా త్వరగా. గోడ బయటివైపు అద్దాలు తుడిచే అమోనియా ద్రవాలు కొట్టకూడదు. యాక్రిలిక్‌లో వెంట్రుకల్లాంటి సన్నటి పగుళ్లు వస్తాయి.

2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజీ సరుకుల నియమాలు పెట్టె మీద గరిష్ఠ చిల్లర ధర, తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా వంటివి ముద్రించమంటున్నాయి. ఈ బ్రష్ పెట్టె మీద గోడ మందం ఎన్ని మిల్లీమీటర్లో, పనికొచ్చేది గాజుకో యాక్రిలిక్‌కో ముద్రించమని మాత్రం ఎవరూ అనలేదు. సరుకు నాణ్యత, ప్రమాణం తెలుసుకునే హక్కు వినియోగదారుకు ఉందని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం చెబుతున్నప్పుడు, దిగుమతిదారులు ఈ రెండు మాటలూ తమంతట తామే ముద్రించడం కష్టమేమీ కాదు. దుకాణదారులు కూడా 'అన్నిటికీ' అనేముందు కొనేవారి గోడ మందం అడగాలి. మీ అనుబంధంలో ఈ మేరకు ఒక చిన్న సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను.

గీతలు పోతాయా అని అడిగేవారికి: పోతాయి. గాజుకు లేని ఈ సౌకర్యం యాక్రిలిక్‌కు ఉంది. 800తో మొదలుపెట్టి 1500, 2000 నంబర్ల వాటర్ పేపరుతో తడిపి రుద్ది, చివర యాక్రిలిక్ పాలిష్ పట్టిస్తే గోడ మళ్లీ తేటపడుతుంది. కాని లోపలివైపు గీతకు ఆ పని చేయాలంటే తొట్టి ఖాళీ చేయాలి. నీళ్లున్నంతసేపూ గీతలో నీరు నిండి కాస్త మరుగున ఉంటుంది, నీటిమట్టం దించగానే రెండింతలై కనబడుతుంది. ఏడువందల లీటర్ల నీళ్లు, పద్నాలుగు చేపలు ఎక్కడ పెట్టాలో ఇంకా తేలలేదు. అప్పటిదాకా ట్యూబులైటును ఆ గోడకు ఎదురుగా లేకుండా తొట్టి వెనక్కి మార్చాను.

ఇట్లు,
యాక్రిలిక్ బోర్డుల పనిలో ఉన్న ఒక పాఠకుడు,
విజయవాడ