వరద పనికి మిలటరీ రంగు రెయిన్‌కోట్లు వద్దు

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలైతే చాలు, అమలాపురం నుంచి రావులపాలెం దాకా రోడ్డు పక్క కొట్లలో మిలటరీ రంగు రెయిన్‌కోట్లే వేలాడుతుంటాయి. కుర్రాళ్లకు ఆ డిజైనంటే మోజు, తప్పు పట్టను. సైన్యంలో చేరినవాళ్లు ఎక్కువని మాధవరం అనే ఊరిని మిలటరీ మాధవరం అని పిలుచుకునే గోదావరి జిల్లాల్లో ఆ మోజు లేకపోతేనే వింత. కానీ వరద రోజుల్లో లంకల్లో (గోదావరి మధ్య ఊళ్లలో) సాయానికి దిగేవాళ్లూ అవే వేసుకుంటున్నారు. ఇది ప్రాణం మీదకు తెస్తుందని, మిలటరీలో పనిచేసి వచ్చినవాణ్ణిగా చెబుతున్నాను.

ఆ కోట్ల మీది ఆకుపచ్చ, మట్టిరంగు మచ్చలు అందానికి వేసినవి కావు. భుజాల గీత, చేతుల అంచు చూసి మన కన్ను మనిషిని పోల్చుకుంటుంది, ముదురు లేత మచ్చలు ఆ గీతను ముక్కలు చేసేస్తాయి, దాంతో ఎదురుగా ఉన్నా మనిషని తట్టదు. 2022 జనవరి 15న ఆర్మీ డే నాడు చూపించిన కొత్త యూనిఫారంలో చిన్న చిన్న చదరాల డిజైను చేసే పనీ ఇదే. మరి ఎర్రనీళ్లలో గుర్రపుడెక్క, కొట్టుకొచ్చిన అరటి బోదెల మధ్య ఆకుపచ్చ, మట్టిరంగు కోటు వేసుకున్నవాడు పడవలోంచి జారిపడితే? సాయంత్రం వాన మసకలో పది బారల దూరం నుంచి కూడా కంటికి ఆనడు. ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు సహాయ దళం) వాళ్లు నారింజ రంగు వేసుకునేది అందుకే కదా.

బట్ట సంగతి కూడా చెప్పాలి. తడిసిన నూలు మిలటరీ ప్యాంటును దగ్గరగా చూడండి, లేత మచ్చ ముదురుతుంది, ముదురుది నల్లబడుతుంది, మచ్చకూ మచ్చకూ తేడా పోతుంది. పైగా నీళ్లు పీల్చి బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది. కొత్త యూనిఫారానికి 70 శాతం నూలు, 30 శాతం పాలిస్టర్ కలిపిన తేలికపాటి బట్ట తీసుకున్నారు, త్వరగా ఆరుతుందని. సంతలో దొరికే మందపాటి ప్యాంట్లు అలాంటివి కావు. ఆర్మీ సెలెక్షన్ల కోసం ఏటిగట్టు మీద వానలో పరుగులు తీసే పిల్లలకు తొడలు ఒరుసుకుపోయేది వాటితోనే, పల్చటి నైలాన్ నిక్కరు నయం.

కాళ్లకూ ఇదే లెక్క. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల నీళ్లలో రోజుల తరబడి నిలబడి వేలమంది సైనికుల పాదాలు కుళ్లిపోయాయి. వియత్నాంలో అమెరికా సైనికుల బూట్లకు పక్కన చిల్లులు పెట్టారు, లోపలికి వచ్చిన నీళ్లు బయటికి పోయేందుకు. మనవాళ్లు మాత్రం గమ్‌బూట్లతో మోకాలు దాటే నీళ్లలోకి దిగుతున్నారు. అవి నిండితే కాలు లేవదు.

పంచాయతీలకు, యువజన సంఘాలకు, దాతలకు నా మనవి ఒకటే. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి వరద హెచ్చరిక ఇచ్చేదాకా ఆగకుండా నారింజ రంగువో, కొట్టొచ్చినట్టు కనబడే పసుపు రంగువో కోట్లు కొని పెట్టండి. ఇప్పటికే కొన్న మిలటరీ కోట్లు పారేయక్కర్లేదు, భుజాల మీద, టోపీ మీద రిఫ్లెక్టర్ టేపు అంటించండి. నీళ్లలో పడ్డ మనిషికి పైకి కనబడేది తలా, భుజాలే.

– ఒక మాజీ సైనికుడు, పి.గన్నవరం మండలం