ముందు గుమ్మం కొలువమ్మా

రాజమండ్రి,
డిసెంబరు 8

చి.ల.సౌ. సుధకు నాన్న దీవెనలు.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి కానీ, మీ అమ్మ మోకాలు కుశలంగా లేదని నీకు తెలిసిందే. సంక్రాంతి వెళ్లాక ఆపరేషన్ అన్నారు డాక్టరుగారు. అంటే ఫిబ్రవరిలో నీ పురిటికి మేం ఇంగ్లండులో మీ రెడింగ్‌కి రావడం లేదు. ఆ మాట ఫోన్లో నువ్వూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మీ పెద్దపిల్ల బుజ్జమ్మనీ, పుట్టబోయే బిడ్డనీ కలిపి తోసుకెళ్లే మూడు జంట బండ్ల ఫొటోలు వాట్సాప్‌లో పెట్టి "ఏది బాగుంది నాన్నా?" అని మాత్రం అడిగావు. మీ అమ్మ కళ్లద్దాలు కూడా పెట్టుకోకుండా "ఎర్రది" అనేసింది. నేను నాలుగు రోజులైనా పలకలేదని నీకు కోపం వచ్చినట్టుంది. ఫోన్లో టైపు చేయడం నా వల్ల కాదు, అందుకే కాగితం మీద రాసి ఫొటో తీసి పంపుతున్నాను.

ఫొటో చూసి బండి కొనకూడదు తల్లీ. 31 ఏళ్లు ఆర్టీసీ గ్యారేజీలో చేసినవాణ్ణి. డిపోకి కొత్త బస్సు వస్తే జనం రంగు చూసేవాళ్లు, డ్రైవర్లు సీటు చూసేవాళ్లు, మేం కిందకి దూరి చూసేవాళ్లం. నీ మూడు బండ్లనీ అలాగే చూశాను. రేటు, రంగు, కప్పు పెట్టుకునే హోల్డర్ అన్నీ రాశారు గానీ, వెడల్పు ఎంతో కనుక్కోవడానికి అరగంట పట్టింది.

మొదటిది, మీ అమ్మకి నచ్చిన ఎర్రది, పక్కపక్కన రెండు సీట్లది. వెడల్పు 76 సెంటీమీటర్లు. మీ ముందు గుమ్మం, తలుపు పూర్తిగా తీశాక, 71. నేనక్కడున్నప్పుడు అల్లుడుగారు కొత్త సోఫా కొంటానంటే కొలిచాను, డైరీలో ఉంది. మీ దేశంలో లోపలి తలుపులు సాధారణంగా 76 సెంటీమీటర్ల రెక్కతో వస్తాయట, కానీ రెక్క కొలత వేరు, దారి కొలత వేరు. రెక్క మందం, బందులు, ఫ్రేము తీసేస్తే దారి తగ్గుతుంది. ఇక ఆ ఇరుకు నడవాలో హీటరు రేడియేటర్ ఒకటి బయటికి పొడుచుకుని ఉంది కదా, దాన్ని మర్చిపోకు. కాబట్టి ఎర్రది అయిపోయింది. మీ అమ్మకి నేను చెప్తాలే.

రెండోది ఒకే ఫ్రేము మీద ఒకటి పైన, ఒకటి కింద సీట్లు. చూడ్డానికి హుందాగా ఉంది, గుమ్మంలో దూరుతుంది కూడా. కానీ ఆ కింది సీట్లో ఎవర్ని పడుకోబెడతావు? చంటిదాన్నా? ఆక్స్‌ఫర్డ్ రోడ్డులో సాయంత్రం ఐదింటికి వరసగా ఆగిన కార్ల పొగగొట్టాలు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటాయి. పొగ నేలకి దగ్గరగానే ఎక్కువ పేరుకుంటుంది, బస్సుల కింద సగం బతుకు గడిపినవాడి మాట నమ్ము. పోనీ బుజ్జమ్మని కింద కూర్చోబెడితే, దానికి రోడ్డు కనపడక వీధంతా వినపడేలా ఏడుస్తుంది.

మూడోది రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. సన్నగా ఉంటుంది, నిజమే. అయితే బుజ్జమ్మ ఇప్పుడే 12 కిలోలు. అది ముందు సీట్లో కూర్చుంటే పేవ్‌మెంటు అంచు ఎక్కించేటప్పుడు హ్యాండిల్ ఎంత నొక్కినా ముందు చక్రాలు లేవవు. పొడవు బండి కాబట్టి మలుపులో ఎక్కువ చోటు కావాలి. మన గోకవరం బస్టాండు దగ్గర లారీ తిరగడం చూశావుగా, అదే తంతు.

ఇప్పుడు బస్సు సంగతి. అల్లుడుగారు కారు తీసుకెళ్తారు, నీకు దిక్కు బస్సే. పోయినసారి వీసా ఇచ్చిన ఆరు నెలలూ బుజ్జమ్మ బండి తోసింది నేనేనని నీకు గుర్తుండే ఉంటుంది. నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఏప్రిల్లో ఒకరోజు వానలో మీ అమ్మా, నేనూ, పాపా బస్సులో వస్తున్నాం. మధ్యలో ఒక స్టాపులో చక్రాల కుర్చీలో ఒకాయన ఎక్కడానికి వచ్చాడు. మేం బండి పెట్టిన చోటు చక్రాల కుర్చీలది, మనం ఖాళీ చేయాలి, అందులో రెండో మాట లేదు. 2017లో మీ సుప్రీంకోర్టు కూడా డ్రైవరు ఊరికే ఒకసారి అడిగి వదిలేస్తే చాలదని చెప్పింది. మీ అమ్మ పాపని ఎత్తుకుంది. నేను బండి మడవబోయాను. కుడివైపు ఎర్ర మీట లాగాలి, ఎడమవైపు బొత్తాం నొక్కాలి, అదే సమయంలో కాలితో వెనక కడ్డీని తన్నాలి. వేళ్లు చలికి కొయ్యబారాయి. మీట వస్తే బొత్తాం రాదు, బొత్తాం వస్తే కాలు జారుతుంది. బస్సంతా నిశ్శబ్దం. ఎవరూ ఒక్క మాట అనలేదు, అదే ఇంకా ఇబ్బంది. చివరికి కుర్చీలో ఆయనే కిందనుంచి "ముందు బ్రేకు వెయ్యండి" అన్నట్టు సైగ చేశాడు. బ్రేకు వేస్తేనే మడతపడే బండి అది! మెకానిక్‌నని చెప్పుకునే నాకు తట్టలేదు.

అప్పుడు మేం ఇద్దరం, పాప ఒకర్తి. ఫిబ్రవరి తర్వాత నువ్వు ఒకర్తివి, పిల్లలు ఇద్దరు.

అందుకే కొనేముందు షాపుకి వెళ్లి ఒక పని చెయ్యి. ఎడమ చంకలో నీ హ్యాండ్‌బ్యాగో, దిండో బిడ్డలా పట్టుకుని, కుడి చేత్తో బండిని నువ్వే మడిచి చూడు. సేల్స్ పిల్ల చేసి చూపిస్తే ఒప్పుకోకు, వాళ్లు రోజుకి యాభైసార్లు చేస్తారు. మడిచింది తనంతట తాను నిలబడాలి. మెట్ల కింద అరలో పట్టాలి. బస్సులో చక్రాల కుర్చీ చోటు కనీసం 130 సెంటీమీటర్ల పొడవు, 75 వెడల్పు ఉండాలని అక్కడి రూలు. అది ఖాళీగా ఉన్నా 76 బండి అందులో సర్దుకోదు.

పక్కపక్క సీట్లలోనే 65 సెంటీమీటర్ల దాకా సన్నవి ఉన్నాయి. నా ఓటు దానికే. ఇద్దరూ నీ కళ్లెదుటే ఉంటారు, సీటు నేలకి దగ్గర కాబట్టి బుజ్జమ్మ తనే ఎక్కి కూర్చుంటుంది. ఇది చిన్న విషయం కాదు. దేవుడి దయవల్ల మామూలు కాన్పు కావాలి, ఒకవేళ ఆపరేషన్ అయితే కొన్ని వారాలు పుట్టిన బిడ్డకంటే బరువైనదేదీ ఎత్తొద్దంటారు అక్కడి డాక్టర్లు. 12 కిలోల పిల్లని ఎత్తి సీట్లో కూర్చోబెట్టడం కుదరదు, 14 కిలోల బండిని డిక్కీలో పెట్టడం అంతకన్నా కుదరదు, అది అల్లుడుగారి పని. ఒకవైపు బరువు, ఒకవైపు తేలిక కాబట్టి బండి బుజ్జమ్మ వైపు లాగుతుంది. తోస్తూ తోస్తూ అలవాటవుతుంది. సరుకుల సంచీ మాత్రం హ్యాండిల్‌కి తగిలించకు, వెనక్కి పడిపోతుంది. సీటు కింద బుట్టలో పెట్టు.

చంటిది కూర్చోగలిగేదాకా, అంటే దాదాపు ఆరు నెలలు, సీటు పూర్తిగా చదునుగా వాలాలి. "వాలుతుంది" అని రాస్తారు, సగం వాలినా వాలినట్టే అంటారు. చేత్తో నొక్కి చూడు. ఐదు చోట్ల బిగించే బెల్టు ఉందా, పిల్లల బండ్ల భద్రతా ప్రమాణం బీఎస్ ఈఎన్ 1888 అని చీటీ మీద ఉందా చూడు. బుజ్జమ్మ సీటు 15 కిలోలదాకా మోస్తుందా, 22 దాకానా అడుగు. 15 అయితే ఏడాదిన్నరకే పక్కన పడేయాలి.

టైర్ల విషయంలో నాకు గాలి టైర్లే ఇష్టం. ప్రాస్పెక్ట్ పార్కు గడ్డి మీద, ఆ ఎత్తు మీద హాయిగా నడుస్తాయి. కానీ నీకు వద్దు. పంక్చర్ వేయడానికి నేనుండను కదా.

ఓవెన్ మెక్లారెన్ అని ఒకాయన ఉండేవాడు మీ దేశంలోనే. యుద్ధకాలంలో స్పిట్‌ఫైర్ విమానాల చక్రాల గేరు మీద పనిచేసిన ఇంజనీరు. విదేశం నుంచి మనవరాలితో వచ్చిన కూతురు పెద్ద బండితో పడే అవస్థ చూసి, విమానం చక్రాలు మడిచిన తెలివితోనే గొడుగులా ముడుచుకునే అల్యూమినియం బండి తయారుచేశాడు. 1965లో పేటెంటుకి పెట్టాడు. బరువు మూడు కిలోల లోపే! తాత అంటే అలా ఉండాలి. నేను ఉత్తరం రాస్తున్నాను. ఆయన పేరుతో ఉన్న కంపెనీ బండ్లే 2009లో అమెరికాలో దాదాపు 10 లక్షలు రీకాల్ అయ్యాయి, మడతబందు దగ్గర పిల్లల వేలి చివర్లు తెగి. కాబట్టి బండి తెరిచేటప్పుడు, మూసేటప్పుడు బుజ్జమ్మ చేతులు ఎక్కడున్నాయో చూసుకో. బందు మీద కవరు ఉన్నదే తీసుకో.

మీ అమ్మ చెప్పమంది: ఎండగా ఉంటే బండి మీద పాత చీరముక్క కప్పమని. కప్పకు. పలచటి గుడ్డయినా లోపల వేడి చేరి, గాలాడదు. దాని హుడ్డు చాలు. మీ అమ్మతో ఈ ముక్క నేనన్నానని అనకు.

డబ్బు సంగతి. నువ్వు పంపిన రెండోది వెయ్యి పౌండ్లు దాటింది, అంటే లక్ష రూపాయల పైమాట. మన మొదటి బజాజ్ చేతక్ గుర్తొచ్చింది నాకు. ఎన్‌సీటీ అనే తల్లిదండ్రుల స్వచ్ఛంద సంస్థ వాళ్లు పిల్లల పాత సామాన్ల సేల్స్ పెడతారని నువ్వే చెప్పావు పోయినసారి. అక్కడ చూడు. పాతది కొంటే తడి నేల మీద బ్రేకు వేసి గట్టిగా తోసి చూడు, చక్రం పట్టుకుని అటూ ఇటూ ఊపు, లొడలొడమంటే వద్దు. ఇంకో మాట, మొదటి రెండు మూడు నెలలు చంటిదాన్ని గుండెకి కట్టుకునే సంచీలో పెట్టుకుని, బుజ్జమ్మని దాని పాత బండిలోనే తోస్తే సరిపోతుందేమో చూడు. చంటిదాని మొహం నీకు కనపడాలి, గడ్డం గుండెకి ఆనుకుపోకూడదు. అప్పటికి నీకే తెలిసిపోతుంది జంట బండి ఎంత అవసరమో. బుజ్జమ్మ అప్పుడే నడుస్తానని మారాం చేస్తే, నడవనీ. నిద్రొచ్చినప్పుడే గొడవ.

దానికి పాత బండి తన సొంత ఆస్తి, గుర్తుంచుకో. చెల్లో తమ్ముడో వచ్చి అందులో పడుకుంటే ఊరుకోదు. కొత్త బండి వచ్చిన రోజున రెండు సీట్లలో ఏది కావాలో దాన్నే ఎంచుకోమను.

ఇప్పుడు లేచి ముందు గుమ్మం మళ్లీ ఒకసారి కొలిచి నాకు చెప్పు, నా డైరీని నేనే పూర్తిగా నమ్మను. టేపు వంటింట్లో గ్యాస్ పొయ్యి పక్కన రెండో సొరుగులో పెట్టి వచ్చాను. అల్లుడుగారు తీయకుండా ఉంటే అక్కడే ఉంటుంది.

మీ నాన్న