లేజరు కొనే ముందు మోతాదు తేల్చండి

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ప్రభుత్వ దంత వైద్య కళాశాలలకు డయోడ్ లేజర్లు కొనే టెండరులో ఎన్ని వాట్లో ఒక్కటే అడిగితే చాలదు. ఆ కాంతి ఎంత వైశాల్యం మీద పడుతుందో కూడా కంపెనీల చేత రాయించండి.

చిగురు కోసే లేజరూ, పుండు మాన్పే లేజరూ ఒకే పెట్టెలో రావచ్చు. పనులు మాత్రం వేరు. కోతకు వాట్ల లెక్కన శక్తి, వేడెక్కి కోసేలా ముందే నల్లబరిచిన ఫైబరు (కాంతిని మోసే సన్నని తీగ) కొస కావాలి. మాన్పడానికి 660, 810 నానోమీటర్ల లాంటి తరంగదైర్ఘ్యమున్న కాంతిని వేడి పుట్టనంత తక్కువ శక్తితో పరచాలి. నల్లబరిచిన కొసనే ఇందుకూ వాడితే పుండు మానడం అటుంచి, కాలుతుంది.

అసలు చిక్కు లెక్కలో ఉంది. 100 మిల్లీవాట్లు 40 సెకన్లు ఇస్తే 4 జౌళ్లు. అది ఒక చదరపు సెంటీమీటరు మీద పరుచుకుంటే మోతాదు చదరపు సెంటీమీటరుకు 4 జౌళ్లు. చిగుళ్ల పుండ్లకు తరచుగా వాడేది ఆ చుట్టుపక్కలే. అదే కాంతి 3 మిల్లీమీటర్ల వ్యాసమున్న కొసలోంచి ఒక్కచోటే పడితే మోతాదు సుమారు 57! తక్కువైతే ఫలితం ఉండదు, మరీ ఎక్కువైతే మానడమే మందగించవచ్చు. యంత్రం తెర మీద మాత్రం రెండుసార్లూ ఒకే అంకె కనిపిస్తుంది.

ఆ అంకెనూ గుడ్డిగా నమ్మలేం. డయోడ్ పాతబడినా, ఫైబరు కొస గీసుకుపోయినా బయటికొచ్చే శక్తి తగ్గుతుంది. రోగి రోగికీ మార్చే ప్లాస్టిక్ తొడుగు కూడా కొంత మింగేస్తుంది. కాబట్టి ప్రతి కళాశాలకూ పవర్ మీటరు ఇప్పించండి. తొడుగు వేసే కొలవాలి. పుండు మీది లాలాజలం, కారే రక్తం గాజుగుడ్డతో మెల్లగా అద్దాలి, రక్తం కాంతిని అడ్డుకుంటుంది. గడ్డకట్టినదాన్ని మాత్రం గీకకూడదు.

కళ్లద్దాలు వైద్యులకూ, సహాయకులకూ, రోగికీ కావాలి. 810 కాంతి కంటికి దాదాపు కనిపించదు కాబట్టి రెప్ప పడదు, రెటీనా దెబ్బతింటుంది. 660కి చేసిన అద్దాలు దానికి పనికిరాకపోవచ్చు. అందుకే అద్దాల మీది తరంగదైర్ఘ్యం చూసే కొనాలి.

చిగురుకు అతికించడానికి అంగిలి నుంచి కణజాలం తీశాక మిగిలే పచ్చిపుండుకు ఈ మాన్పే కాంతి మేలు చేస్తుందని చెప్పే అధ్యయనాలున్నాయి, అన్నీ ఒకే మాట చెప్పవు. ఆధారం గట్టిగా ఉన్నది తల, మెడ క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకునేవారి నోటిపూత నివారణలో. 2018లో చికిత్సలపై సలహాలిచ్చే బ్రిటన్ నైస్ సంస్థ కూడా దీనిపై మార్గదర్శకం ఇచ్చింది. కనుక కొన్న యంత్రం రేడియేషన్ విభాగానికీ అందేలా ఆదేశించండి. కణితి మీద, క్యాన్సరేమోనని అనుమానమున్న తెల్లమచ్చ మీద మాత్రం నేరుగా వేయకూడదు.

కేసు షీటులో తరంగదైర్ఘ్యం, మిల్లీవాట్లు, కాంతి పడిన వైశాల్యం, సెకన్లు, ఎన్ని చోట్ల, ఎన్నో విడత అనే ఆరు గడులు తప్పనిసరి చేయండి. అవి నింపకుండా యంత్రం ఆన్ చేయకూడదని ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
చిగుళ్ల వైద్యులు