రెండో ఆటకు తలుపు మూయకండి: ఎన్‌సీఏఏ అధ్యక్షులకు బహిరంగ లేఖ

అమెరికా కాలేజీ క్రీడలను పర్యవేక్షించే ఎన్‌సీఏఏ అధ్యక్షులు చార్లీ బేకర్ గారికి,

నమస్కారం. నేను నార్త్ కరోలినాలో ఉంటున్న ఒక తెలుగు తండ్రిని. మా కారు డిక్కీలో ఎప్పుడూ రెండు జతల బూట్లుంటాయి. అమెరికన్ ఫుట్‌బాల్ క్లీట్స్ (అడుగున ముళ్లుండే బూట్లు) సందుల్లో ఎర్రమట్టి ఎండిపోయి ఉంటుంది. బాస్కెట్‌బాల్ బూట్లను మాత్రం కోర్టు మీద జారకుండా మావాడు అరచేత్తో అడుగులు తుడిచి మరీ వేసుకుంటాడు. పోయిన ఏడాది ఒక కోచ్ వాణ్ని పిలిచి, "ఏదో ఒకటి తేల్చుకో, కాలేజీలో రెండూ కుదరవు" అన్నారు. వాడికప్పుడు పద్నాలుగేళ్లు. ఆ రాత్రి అన్నం కెలుకుతూ కూర్చున్నాడే గానీ ముద్ద నోట్లో పెట్టలేదు.

అమెరికన్ ఫుట్‌బాల్ దిగ్గజం జూలియస్ పెప్పర్స్ పుట్టి పెరిగిన రాష్ట్రంలో ఆ మాట వినాల్సి రావడం నాకు మరీ బాధనిపించింది. బెయిలీ అనే చిన్న ఊళ్లో పెరిగిన ఆ కుర్రాడు హైస్కూల్‌కి వచ్చేదాకా అమెరికన్ ఫుట్‌బాల్ ఆడనేలేదు. చాపెల్ హిల్‌లోని యూనివర్సిటీలో ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్‌తో చేరి, బాస్కెట్‌బాల్ జట్టులోకి వాకాన్‌గా, అంటే ఆ ఆటకు స్కాలర్‌షిప్ లేకుండా వెళ్లాడు. 2000లో ఆ జట్టు ఫైనల్ ఫోర్‌కి, అంటే జాతీయ టోర్నీ సెమీఫైనల్స్‌కి చేరింది. అదే ఏడాది ఫుట్‌బాల్‌లో 15 సాక్‌లతో (బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను విసరకముందే పడగొట్టడం సాక్) దేశంలోనే మొదటి స్థానం ఆయనది. 2001 మార్చిలో బాస్కెట్‌బాల్‌లో పెన్ స్టేట్ మీద 21 పాయింట్లు, 10 రీబౌండ్లు (గురి తప్పి వెనక్కొచ్చిన బంతిని అందుకోవడం). జట్టు ఓడిపోయింది గానీ ఆ ఆట చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఒక ఆటను వదులుకోవాల్సిన రోజు ఆయనకూ వచ్చింది. అప్పటికి ఆయనకు 21 ఏళ్లు. రెండూ ఆడి చూసి, ఫుట్‌బాలే అని తనే తేల్చుకున్నాడు. 2002లో ప్రొఫెషనల్ జట్టు కరోలినా పాంథర్స్ కొత్త ఆటగాళ్ల ఎంపికలో (డ్రాఫ్ట్) ఆయన్ని రెండో పిక్‌గా తీసుకుంది. 17 సీజన్లలో 159.5 సాక్‌లు (ఇద్దరు కలిసి క్వార్టర్‌బ్యాక్‌ను పడగొడితే చెరి సగం లెక్క), 11 ఇంటర్‌సెప్షన్లు (ఎదుటి జట్టు పాస్‌ని మధ్యలో అందుకోవడం). క్వార్టర్‌బ్యాక్‌ మీదికి దూసుకెళ్లే డిఫెన్సివ్ ఎండ్‌గా ఆడేవాడు గాల్లో పోతున్న పాస్‌ని అన్నిసార్లు అందుకున్నాడంటే, ఆ చేతులకు రీబౌండ్లు అలవాటు కావడం వల్లేనని నా నమ్మకం. 2024లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.

ఇక అసలు విషయం. ఆటగాళ్లు వేసిన దావాలో ఎన్‌సీఏఏ కుదుర్చుకున్న, 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో ఆటగాళ్లకు కాలేజీ క్రీడల ఆదాయంలో వాటా దక్కుతోంది. అది న్యాయమే. కానీ అందులో చేరిన కాలేజీల్లో జట్టు మొత్తానికే పరిమితి వచ్చిపడింది: ఫుట్‌బాల్‌కు 105 మంది, బాస్కెట్‌బాల్‌కు 15 మంది. ఇదివరకు లెక్క స్కాలర్‌షిప్‌లకే ఉండేది కాబట్టి బెంచీ చివర వాకాన్‌కి చోటు దొరికేది. ఉన్న 15లో ఒకటి, ఫుట్‌బాల్ సీజన్ ముగిశాక అలసిపోయి వచ్చే కుర్రాడి కోసం ఏ కోచ్ అట్టిపెడతారు?

మీరూ హార్వర్డ్‌లో బాస్కెట్‌బాల్ ఆడినవారే. ఒక జట్టులో ఉన్న విద్యార్థి రెండో ఆటకు వాకాన్‌గా వస్తే, ఆ రెండో జట్టు పరిమితిలో అతన్ని లెక్కించకుండా స్పష్టమైన మినహాయింపు కోసం మీరు పట్టుబట్టండి. కాలేజీకి అదనపు స్కాలర్‌షిప్ ఖర్చు ఉండదు.

మావాడు ఈ నవంబరులో మళ్లీ బాస్కెట్‌బాల్ ట్రైఔట్స్‌కి (జట్టు ఎంపికకి) వెళ్తున్నాడు. మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాం.

ఇట్లు,
ఒక తండ్రి,
కేరీ, నార్త్ కరోలినా